రోకటి చప్పుడులో పోయిన చరణం

కిందటి వారం మా సుభద్ర వదిన వచ్చింది. ఛత్రపురంలో బస్సెక్కి, బరంపురంలో దిగి, ఆటోవాడితో ఒడియాలో బేరమాడి, లంజిపల్లిలో మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. ఈ వయసులో ఒంటరిగా ఎందుకొచ్చావంటే వినే మనిషి కాదు. సంచీలోంచి కాగితంలో చుట్టిన మొగలిపువ్వు తీసి నా చేతిలో పెట్టి, కాళ్ళయినా కడుక్కోకుండా గదిలోకి తొంగిచూసి, నా హార్మోనియం మీద కప్పిన పాత చీరముక్క ఎత్తింది. "ఏటే కనకం, ఇంకా దీన్ని వాయించి సంపుతున్నావా?" అంది. నవ్వాను. ఆవిడ ఏమన్నా నవ్వడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఆ నవ్వు కింద ఏముంటుందో ఆవిడ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కుళ్ళు. మా ఇంటి ఊరగాయలాగా ఎన్నేళ్ళయినా చెడని కుళ్ళు.

సుభద్ర మా మేనత్త కూతురు, నాకన్న ఏడాది పెద్ద. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆవిడ పేరు చెబితే పాట గుర్తొస్తుంది. పెళ్ళయినా, వినాయకుడి పందిరైనా, ముందు ఆవిడకి చాప వేసేవారు. నాది కాలక్షేపం సంగీతం. మా ఆయన కొట్టు పిల్లలకి అప్పగించి ఇంటిపట్టున ఉండడం మొదలెట్టాక, నా సణుగుడు కాస్త తగ్గుతుందని ఈ పెట్టె కొనిచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీసే వేళ తలుపు దగ్గరగా వేసుకుని వాయించుకుంటాను. ఎడమచేత్తో గాలి తోస్తూ, కుడిచేత్తో ఒక పాట వెతుక్కుంటూ ఉంటే, ఆ కాసేపు నేను ఎవరి అత్తగారినీ కాను, ఎవరి నాయనమ్మనీ కాను. ఎవరూ వినరు కనుక తప్పు పోయినా ఫరవాలేదు. ఎవరూ వినరు కనుకనే ఒకోసారి ఒళ్ళు మండుతుంది. ఇంత వయసొచ్చాక కూడా, పక్కగదిలోంచి ఎవరైనా లేచి వచ్చి "ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగితే బావుండునని ఉంటుంది. అడిగితే నా దగ్గర తిన్నగా చెప్పే జవాబు లేదు.

మా చిన్నతనం ఈ బరంపురంలోనే, బడా బజార్లో గడిచింది. ముందు కొట్టు, దాని వెనక పొడుగ్గా ఇల్లు, మధ్యలో సరుకు గది. ఎండుమిరపకాయలు, చింతపండు, బెల్లం వాసన మా బట్టలకే కాదు, మా పుస్తకాలకి కూడా పట్టేది. బళ్ళో పంతులమ్మ నా పలక ముట్టుకుంటే తుమ్మేది. తాత పొద్దున్నే కొట్టు ముందు నీళ్ళు చల్లించి, నశ్యం పీల్చి, బోణీ అయ్యేదాకా ఎవరితోనూ కోపంగా మాట్లాడేవాడు కాదు. బోణీ అయ్యాక ఆ లోటు తీర్చుకునేవాడు. మామ్మ రాజ్యం వెనక వసారాలో. అక్కడ పెద్ద రోలు, పక్కన మినప్పిండి డబ్బాలు, అప్పడాల పీటలు. మా ఇంటి అప్పడాలకి బజార్లో పేరుండేది. జీలకర్ర, మిరియాలు, ఇంగువ కలిసిన ఆ పిండి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా చేతులు వాటంతటవే నూనె కోసం వెతుక్కుంటాయి.

అవి ఒరిస్సా కొత్తగా వేరే రాష్ట్రమైన రోజులు. అంతకు ముందు మాకు ప్రభుత్వమంటే మద్రాసు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి మేము ఒరిస్సా వాళ్ళమైపోయాం. పిల్లలకి తేడా తెలియలేదు. వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ముందునుంచీ అలవాటే. తాతకి మాత్రం బెంగ పట్టుకుంది.

"మద్రాసోడు మనల్ని ఒగ్గీసాడు," అన్నాడు ఒక సాయంత్రం మామ్మతో. "రేపు మన గుంటలు తెలుగులో పాట పాడడం మరిసిపోతారు. అప్పుడేటి సేస్తావు?"

"పాట మరిసిపోతే కూడొండడం మరిసిపోతారేటి?" అంది మామ్మ. "అప్పడాలకి మినప్పప్పు అయిపోనాది. ముందు ఆ సంగతి సూడండి."

మినప్పప్పు తెప్పించాడు, దాంతోపాటు విజయనగరం నుంచి ఒక సంగీతం పంతులుగారిని కూడా తెప్పించాడు. సన్నగా, పొడుగ్గా, మెడచుట్టూ కండువాతో ఉండేవారాయన. మా ఇంట్లో వండినది తినరు కనుక తాత రోజూ అరటిపళ్ళు, బెల్లంముక్క పెట్టించేవాడు. జమీందార్ల ఇళ్ళలో పాడిన మనిషి. వచ్చిన రోజునే ఒక నియమం చెప్పారు. ఒక ఇంట్లో ఒక గొంతుకే పాఠం చెబుతానన్నారు. రెండు గొంతులకి కలిపి చెబితే ఒకదానిమీద ఒకటి ఆనుకుంటాయట, ఏదీ సొంతంగా నిలబడదట. తాత సరేనన్నాడు. ఇంట్లో పాడే ఈడు ఆడపిల్లని నేనొక్కర్తినే అనుకుని నేను లోపల్లోపల మురిసిపోయాను. అప్పటికి వారం కిందటే మా అత్త పురిటికి పుట్టింటికొచ్చిందనీ, కూడా సుభద్రని తెచ్చిందనీ నాకు ఆ మురిపెంలో తట్టలేదు.

ఇక్కడ మా పేరంటాల సంగతి చెప్పాలి. మా కోమట్ల ఇళ్ళలో పేరంటానికి వెళ్ళిన ఆడపిల్లని పాడమంటే వెంటనే పాడకూడదు. మొదటిసారి అడిగితే "నాకు రాదండీ" అనాలి. "రాకపోవడమేటి, మీయమ్మ ఎంత బాగా పాడీది" అని రెండోసారి అడుగుతారు. అప్పుడు జలుబు చేసిందనాలి. మూడోసారి ఎవరో పెద్దావిడ గడ్డం పట్టుకుని బతిమాలితే, తల వంచుకుని మొదలెట్టాలి. అడగ్గానే పాడిన పిల్లని ఎంత బాగా పాడినా "ఆత్రపు గుంట" అనేవారు, శనగలు మూటగట్టుకుంటూ. ఈ మర్యాద మా అమ్మ నాకు అక్షరాలకన్న ముందు నేర్పింది. నాకు పాటలు వచ్చని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసే రాదంటాననీ తెలుసు.

మర్నాడు పొద్దున్న పంతులుగారు నడిమిగదిలో చాప మీద కూర్చున్నారు. తాత పక్కన. నన్నూ సుభద్రనీ పిలిపించారు. పంతులుగారు నా వంక చూసి, "ఏమ్మా, ఒక పాట పాడతావా?" అన్నారు.

"నాకు రాదండీ," అన్నాను, ఎంతో చక్కగా, మా అమ్మ వింటే మెచ్చుకునేటట్టు.

ఆయన తలాడించి సుభద్ర వైపు తిరిగారు. అంతే. రెండోసారి లేదు. రాజుల ముందు పాడిన మనిషికి, పాడమంటే పాడటమో రాదంటే రాకపోవడమో, రెండే తెలుసు. నేనింకా జలుబు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. సుభద్ర పెరిగింది ఛత్రపురంలో, ఒడియా గుమాస్తాల ఇళ్ళ మధ్య. అక్కడ పిల్లని పాడమంటే పాడుతుంది, అయిపోయాక మురీలు, అదే మరమరాలు, పెడతారు. అది ఒడియాలో "హొవు", సరే, అని కొంగు సర్దుకుని, ఒడియా పాట ఎత్తుకుంది. పడవ మీద వెళ్ళిన వాళ్ళని తలుచుకుని ఎవరో ఒడ్డున పాడుకునే పాట. తెలుగు పాట నిలబెడదామని పంతుల్ని పిలిపించిన తాత ముఖం చూడాలి. పీల్చబోయిన నశ్యం వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"భాష ఏదైతే ఏమండీ షావుకారుగారూ," అన్నారు పంతులుగారు. "శ్రుతి ఉంది. ఈ పిల్లకి చెబుతాను."

నాకు రెండు పాటలొచ్చని తాతకి తెలుసు. అనొచ్చు. కానీ తాత కూడా మా ఇంటి మనిషే. పిల్ల రాదన్నాక, దానికి వచ్చునని ఇంట్లోవాళ్ళే డప్పు కొట్టుకోవడం బావుండదనుకున్నాడు. అలా ఒక మర్యాద నన్ను కూర్చోబెట్టింది, ఇంకో మర్యాద లేవనివ్వలేదు. పాఠం వేళ నన్ను మామ్మ వెనక వసారాలోకి పిలిచింది, పిండి కలపడానికి.

గోడకి అటు పాట, ఇటు పిండి. అప్పడాల పని తెలిసినవాళ్ళకి నేను చెప్పబోయేది వెంటనే బోధపడుతుంది. ముందు మినప్పిండిలో అప్పడాల కారం, మిరపకారం కాదు, సోడాలాంటి ఉప్పు, కలిపిన నీళ్ళు పోసి గట్టిగా తడుపుతారు. దానికి చప్పుడు లేదు. ఆ సమయంలో పల్లవి వినేదాన్ని. పిండి ముద్దలు చేసి నూనె రాస్తుంటే అనుపల్లవి వచ్చేది. అదీ వినేదాన్ని. ఆ తరవాత ముద్దని రోట్లో వేసి దంచాలి. సాగేదాకా, తెగకుండా తీగలా వచ్చేదాకా దంచాలి. మామ్మ రోకలి ఎత్తిందంటే నడిమిగదిలో ఏనుగు ఘీంకరించినా వినపడదు. సరిగ్గా అప్పటికి వాళ్ళు చరణంలోకి వెళ్ళేవారు. ఏ పాటైనా అంతే. నాకు ముందు సగం దక్కేది, వెనక సగం రోలు మింగేసేది. మామ్మని ఒక్క నిమిషం ఆగమంటే, "పిండి ఆగుతాదేటి?" అనేది.

చరణం మాటలు మాత్రం తెలిసేవి. పంతులుగారి పద్ధతి ఏమిటంటే, పాట మాటలు ముందు రాగం లేకుండా ఎక్కాల్లా కంఠతా పట్టాలి. సుభద్ర ఆ పురిట్లో పుట్టిన తమ్ముడి ఉయ్యాల ఊపుతూ వాటిని వల్లించేది. ఆ మాటలు పట్టుకుని నేను డాబా మీదికి వెళ్ళేదాన్ని. ఒత్తిన అప్పడాలు ఎండలో పరిచి కాకులు రాకుండా కాపలా కాయడం నా పని. అక్కడ కూర్చుని పల్లవి పాడుకుని, అనుపల్లవి పాడుకుని, చరణం దగ్గరికొచ్చేసరికి దారి లేక నాకు తోచినట్టు అల్లుకునేదాన్ని. పై నుంచి వచ్చిన దారి నాకు తెలుసు, మళ్ళీ పల్లవిలో ఎక్కడ దిగాలో తెలుసు. మధ్యలో ఎలా నడవాలన్నది నా ఇష్టం. సుభద్రని అడిగితే పాడి వినిపించేది, దాని మనసులో కల్మషం లేదు. నేను అడగలేదు. దాని దగ్గర నేర్చుకోవడంకన్న సొంతంగా తప్పు పాడటమే నయమనిపించింది.

సృష్టి, కళ అని పెద్ద పెద్ద మాటలు పత్రికల్లో చదువుతుంటాను. లోపల ఏదో వెలుగు పుడుతుందట. ఉండొచ్చు, నాకు తెలియదు. నాకు పుట్టింది కన్నం. కన్నం పూడ్చుకోవడానికి చేతికి దొరికినది పెట్టాను. మామ్మ దంపుడులోని దరువు కొంత, చింతపండు కొనడానికి సముద్రం ఒడ్డునున్న మార్కండి నుంచి వచ్చే చేపలవాళ్ళ ఆడవాళ్ళు వీధిలో నడుస్తూ పాడుకునే కూనిరాగం కొంత. వాళ్ళు కొట్టు ముందు బుట్టలు దించుకుని సుభద్ర పాఠం వినేవారు కూడా. "ఓలమ్మ, ఆ గుంట గొంతు ఎంత సల్లగుందే," అనేవారు. తూకం అయ్యాక కూడా కదిలేవారు కాదు. వాళ్ళ రాగం దొంగిలించి పాట కట్టుకునేది నేను, వాళ్ళు మెచ్చుకునేది దాన్ని. కడుపు మండిపోయేది.

పంతులుగారు సొంతంగా కట్టిన పాట ఒకటుండేది. కృష్ణుడు పారిజాతం రుక్మిణికిచ్చి సత్యభామ దగ్గరికొస్తాడు. పల్లవీ అనుపల్లవీ ఆయన బుజ్జగింపు. చరణంలో సత్య జవాబు చెబుతుంది: "పువ్వు దానికి, మాట నాకా స్వామీ." ఆ మాటలు సుభద్ర ఉయ్యాల దగ్గర వల్లిస్తుంటే నా చెంపలు వేడెక్కాయి. ఆ పూట డాబా మీద ఆ చరణం నాకు వెతకక్కర్లేకుండా వచ్చింది. మామూలుగా పాటల్లో సత్యభామలు కోపంతో పైకి ఎగురుతారు. నేను పైకి వెళ్ళలేదు. "నాకా" దగ్గర కిందికి, ఇంకా కిందికి, గొంతులో ఇక చోటు లేనంత కిందికి దిగి, అక్కడ కాసేపు ఆగి, "స్వామీ" అన్నాను. బావుందని నాకే తెలిసింది. కాకులు రెండప్పడాలు ఎత్తుకుపోయినా చూసుకోలేదు.

ఆ సమయంలో పంతులుగారు కింద అరుగు మీద అరటిపండు ఒలుచుకుంటున్నారని నాకు తెలియదు. మర్నాడు ఆయన పాఠం మొదలెట్టలేదు. రోట్లో పిండి వేయబోతూ మామ్మ నూనె అయిపోయిందని చూసి, తెమ్మని నన్ను పంపింది. నేను నడిమిగది గుమ్మం దాకా వచ్చాను, చేతులనిండా పిండితో. తాత ఉన్నాడు. సుభద్ర చాప మీద ఉంది.

"నిన్న డాబా మీద సత్య పాట పాడావు కదమ్మా," అన్నారాయన సుభద్రతో. "ఆ చరణం పాడు."

సుభద్ర తను నేర్చుకున్నట్టే పాడింది.

"ఇది నేను చెప్పింది. నువ్వు నిన్న పాడింది పాడు."

సుభద్ర తలెత్తి నన్ను చూసింది. దానికి తెలిసిపోయింది. "నేనండీ" అంటే చాలు. ఆ ఒక్క మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. కానీ అడక్కుండా పాడటమే తప్పయిన ఇంట్లో, అడక్కుండా నేనే పాడానని చెప్పుకోవడం ఎంత తప్పు? ఎవరైనా నా తరపున అనాలి. సుభద్ర అనాలి. నేను దాని ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"మరిసిపోయానండీ," అంది సుభద్ర.

"మరిచిపోకూడదమ్మా," అన్నారాయన, ఎప్పుడూ లేనంత మెల్లగా. "నేను ఆ పాట కట్టినప్పుడు సత్య కోపమే చూశాను. నిన్న నువ్వు పాడితే ఆ పిల్ల ఏడుపు వినపడింది. నాకన్న బాగా కట్టావు. మళ్ళీ వస్తే పట్టుకో, వదలకు."

తాత పంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. నశ్యం వల్ల మాత్రం కాదు. వెనకనుంచి మామ్మ "నూనేదే?" అని కేకేసింది. వెళ్ళి దంచాను. ఆ రోజు పిండి అంత బాగా సాగడం ఎప్పుడూ చూడలేదని మామ్మ అంది.

ఎండ ఎక్కాక సుభద్ర డాబా మీదికొచ్చి నా పక్కన కూర్చుంది. "నువ్వెందుకు సెప్పలేదే?" అంది.

"నువ్వెందుకు సెప్పలేదు?"

"సెప్తే పంతులుగారు నన్నొగ్గీసి నిన్ను పట్టుకుంటారు. ఒక ఇంట్లో ఒక గొంతే కదా." అబద్ధం ఆడటం దానికి చేతకాదు. అంత నిజం చెప్పినదాన్ని ఎలా తిట్టడం? తిట్టి ఉంటే ఇంత కాలం మోసేదాన్ని కాదేమో. ఇద్దరం కూర్చుని కాకుల్ని తోలాం.

పురుడు పోసుకుని అత్త ఛత్రపురం వెళ్ళిపోయేటప్పుడు పంతులుగారిని కూడా వాళ్ళతోనే పంపాడు తాత. "ఇంక ఇక్కడెవరికి సెప్తారు?" అన్నాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.

తరవాతి కాలమంతా నేను సుభద్ర పాటలు వింటూ గడిపాను. ఎవరైనా మెచ్చుకుంటే ముందుగా అనేదాన్ని నేనే: "మా వదినే." అందులో గర్వమూ ఉంది, పచ్చి ఏడుపూ ఉంది, రెండూ విడదీయలేను. సత్య పాట ఆవిడ ఎక్కడ పాడినా చరణం పంతులుగారు నేర్పినట్టే పాడేది. ఆ ఒక్కచోట నేను సర్దుకుని కూర్చునేదాన్ని. ఈ పందిరంతటికీ తెలియని దారి నాకొక్కర్తికే తెలుసు అనుకునేదాన్ని. ఇప్పుడు టీవీలో చిన్నపిల్లలు మైకు చేతిలోంచి లాక్కుని మరీ పాడుతున్నారు, నా మనవరాలు అడగ్గానే కాదు, అడగకముందే మొదలెడుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే, మాకు ఆ పాటి సిగ్గులేనితనం ఎవరూ నేర్పలేదే అని మనవరాలి మీద కూడా కుళ్ళు పుడుతుంది. అయితే దానికి ఏ పాటలోనూ కన్నాలు లేవు. క్యాసెట్టు తిప్పితే చరణం ఎన్నిసార్లయినా వినపడుతుంది. ఎక్కడా తడుముకోనక్కర్లేదు. అది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను.

కిందటి వారం భోజనాలయ్యాక సుభద్ర వదిన నా గదిలోకి వచ్చి చాప మీద చతికిలబడింది. హార్మోనియం నా ముందుకి తోసి, "ఆయేళ నువ్వు కట్టిన సత్య సరణం నాకు సెప్పవే," అంది. "ఇన్నేళ్ళనుంచీ ఆ పాట పాడతన్నాను. ఆ జాగాకొచ్చేసరికి పంతులుగారు నన్ను పాడమన్నది ఇది కాదు అనిపిస్తాది. ఇంక ఎన్నాళ్ళుంటానో."

"మరిచిపోయానొదినా," అన్నాను.

ఇవ్వదల్చుకోలేదు. ఆవిడకి పంతులుగారున్నారు, ఊరుంది, పేరుంది. నాకు ఆ కాస్త ముక్క ఉంది.

"హొవు," అంది. "అయితే సుతి పెట్టు. వచ్చినకాడికి పాడుకుందాం."

శ్రుతి పెట్టాను. పల్లవి ఎత్తుకుంది. పళ్ళు ఊడి మాటల్లో గాలి పోతోంది, పైస్థాయిలో గొంతు జీరపోతోంది, అయినా ఎక్కడా జారలేదు. అనుపల్లవి అయింది. చరణం దగ్గర ఆగిపోయింది. నా వంక చూడలేదు, అడగలేదు, కళ్ళు మూసుకుని ఊరుకుంది. నా ఎడమచెయ్యి గాలి తోస్తూనే ఉంది. పాట అలా సగంలో నోరు తెరుచుకుని ఉంటే నేను భరించలేను, చిన్నప్పటినుంచీ అంతే. పాడేశాను. "నాకా" దగ్గర కిందికి దిగి, ఆగి, "స్వామీ" అన్నాను.

ఆవిడ ఒక్కసారే విని అందుకుంది. నేను దిగిన ప్రతి మెట్టూ దిగింది, నేను ఆగినచోట నాకన్న కాస్త ఎక్కువ ఆగింది. అప్పుడు వినపడింది నాకు. పంతులుగారు అరుగు మీద అరటిపండు పట్టుకుని విన్నదేమిటో, నా చరణంలో ఏడుస్తున్నది ఎవరో, ఇన్నేళ్ళూ నా గొంతులో నాకు వినపడనిది, ఆవిడ గొంతులో వినపడింది. నాది, నేను కట్టుకున్నది, నాకన్న ఆవిడ పాడితేనే బావుంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, అవి ఆనందబాష్పాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మళ్ళీ పాడమన్నాను. బావుందని మాత్రం అనలేదు.